తొలి నిమిషంలో చెప్పవలసిన మాటలు: ఆంగ్ల సదస్సుకు వెళ్ళే ఫోరస్ రోడ్ బిడ్డల కోసం

సరిహద్దు మండలాల నుండి బొంబాయి చేరిన కుటుంబాలలో ఇప్పుడు మూడవ, నాల్గవ తరం పిల్లలు పెరుగుతున్నారు. అటువంటి ఇల్లు ఒకటి ఊహించుకోవచ్చు. ముత్తాత ఇటుకలు మోశాడు. తాత బట్టల మిల్లులో రాత్రి షిఫ్టు చేశాడు. నాయనమ్మ చాల్ గుమ్మంలో కూర్చుండి బీడీలు చుట్టింది. మనుమరాలు నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో ఓనమాలు దిద్ది, పట్టా పుచ్చుకొని, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నది. ఒకనాడు ఆమెకు వర్తమానం అందుతుంది: ఆమె వ్రాసిన పరిశోధన పత్రాన్ని ఒక సదస్సు స్వీకరించింది, పదిహేను నిమిషాలపాటు ఆంగ్లంలో సమర్పించవలసి ఉంటుంది.

ఇంట్లో సంతోషానికి హద్దు ఉండదు. ఊళ్ళో ఉన్న మేనమామకు ఫోను వెళుతుంది. ఆ రాత్రి మాత్రం ఆ బిడ్డకు నిద్ర పట్టదు. విషయం తెలియక కాదు. మూడేళ్ళు తిరిగి, అడిగి, చదివి సేకరించిన విషయం కంఠతా వచ్చు. లేచి నిలబడిన తరువాత మొట్టమొదటి మాట ఏమిటన్నదే ఆమె బెంగ.

సదస్సు అంటే ఏమిటో ముందుగా తెలియజెప్పుట మంచిది, ఎందుకంటే ఇంట్లోని పెద్దలకు ఆ మాట బహిరంగ సభను గుర్తుకు తెస్తుంది. అది బహిరంగ సభ కాదు. ఒకే రంగంలో పనిచేసే వారు ఒకచోట చేరి, తాము కనుగొన్నదానిని ఒకరికొకరు వినిపించి, ప్రశ్నలు అడిగి, తప్పులు ఎత్తిచూపే చోటు. భారతదేశంలో చరిత్ర పరిశోధకుల ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ తొలి సమావేశం 1935లో పుణెలో జరిగింది. విజ్ఞానశాస్త్రజ్ఞుల సైన్స్ కాంగ్రెస్ అంతకు ముందే, 1914లో కలకత్తాలో మొదలయింది. ఇటువంటి చోట్ల ప్రతి గదికి ఒక అధ్యక్షుడో అధ్యక్షురాలో ఉంటారు. వారినే చైర్ అంటారు. వక్తను పరిచయం చేయుట, గడియారం చూచుట, సమయం మించితే చీటీ అందించుట వారి పని. వినేవారు పదిమంది ఉండవచ్చు, వందమంది ఉండవచ్చు. వారిలో సగం మంది అంతకు ముందే నాలుగు ప్రసంగాలు విని అలసిపోయి ఉంటారు. ఈ సంగతి గుర్తుంటే తొలి నిమిషం విలువ తెలుస్తుంది.

ఒగ్గు కథ గాని, హరికథ గాని విన్నవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. కథకుడు నేరుగా యుద్ధ ఘట్టంలోకి దూకడు. ప్రార్థన అయిన పిమ్మట ఎవరి కథ చెప్పబోతున్నాడో, ఎంతవరకు చెబుతాడో తెలియజేసి, వినేవారి మనసు తనవైపు తిప్పుకొని, అప్పుడు కథలోకి వెళతాడు. ఆంగ్ల సదస్సులోనూ పద్ధతి అదే: చెప్పేది ఎవరు, దేనిని గురించి, ఎంతమేరకు. ఈ మూడింటికీ అలవాటైన వాక్యాలు కొన్ని ఉన్నాయి. వాటిని ముందుగా నోటికి తెచ్చుకున్నవారికి కాళ్ళు వణికినా మాట వణకదు.

మొదటిది పలకరింపు. అధ్యక్షుడు పరిచయం చేసి పేరు పిలిచిన వెంటనే "థాంక్యూ ఫర్ ది ఇంట్రడక్షన్" అంటే సరిపోతుంది. పరిచయానికి కృతజ్ఞత తెలిపినట్టు. ఆ పిమ్మట సభ వైపు తిరిగి "గుడ్ మార్నింగ్, ఎవ్రీవన్" అనవలెను. మధ్యాహ్నమైతే "గుడ్ ఆఫ్టర్‌నూన్". అంతే. కళాశాల వార్షికోత్సవాలలో విని విని మన పిల్లలకు "రెస్పెక్టెడ్ డిగ్నిటరీస్ ఆన్ ది డైస్ అండ్ ఆఫ్ ది డైస్" అని మొదలుపెట్టే అలవాటు ఒకటి పట్టింది. వేదిక మీది పెద్దలను, వేదిక కింది పెద్దలను వరుసపెట్టి సంబోధించే ఈ దండకం వార్షికోత్సవానికి శోభ కావచ్చు. పదిహేను నిమిషాల ప్రసంగంలో మాత్రం ఒక నిమిషాన్ని మింగివేస్తుంది.

రెండవది పేరు. "మై నేమ్ ఈజ్" అని పేరు చెప్పి, "అండ్ ఐ యామ్ ఎ రీసెర్చ్ స్టూడెంట్ ఎట్ ది యూనివర్సిటీ ఆఫ్ ముంబై" అని చదువుతున్న చోటు చెప్పవలెను. ఇక్కడ జాగ్రత్త పడవలసిన మాట ఒకటి ఉంది. "మైసెల్ఫ్" అని మొదలుపెట్టి పేరు చెప్పుట దేశమంతటా వినిపించే పద్ధతి. వ్యాకరణం తెలిసిన శ్రోత చెవికి అది తగులుతుంది. "మై నేమ్ ఈజ్" గాని, "ఐ యామ్" గాని అంటే చాలు. పేరును నిదానంగా పలకవలెను, ఎందుకంటే తెలుగు ఇంటిపేర్లు ఉత్తరాదివారికి, విదేశీయులకు మొదటిసారి అందవు. పదిమందికి అలవాటైన పేరును గబగబ చెప్పినా ఫరవాలేదు గాని, కొత్త పేరును గబగబ చెబితే అది పోయినట్టే.

మూడవది విషయం. "ది టైటిల్ ఆఫ్ మై పేపర్ ఈజ్" అని పత్రం శీర్షిక చదవవచ్చు. అయితే శీర్షిక తెరమీద కనబడుతూనే ఉంటుంది కనుక, "టుడే ఐ యామ్ గోయింగ్ టు టాక్ అబౌట్" అని మొదలుపెట్టి అదే సంగతిని మామూలు మాటలలో చెప్పుట మేలు. "ఈ రోజు నేను ఫలానా దానిని గురించి మాట్లాడబోతున్నాను" అని దాని భావం. దీనికి బదులు "డిస్కస్" అనే మాట వాడదలచినవారు దాని తరువాత "అబౌట్" చేర్చకూడదు. "ఐ విల్ డిస్కస్ ది హిస్టరీ ఆఫ్ కామాఠీపుర" అన్నది సరియైన వాక్యం. తెలుగులో "గురించి చర్చిస్తాను" అంటాము కాబట్టి "అబౌట్" నోటికి దానంతట అదే వస్తుంది. వచ్చినా ప్రాణం మీదకు వచ్చేదేమీ లేదు. రాకుంటే బాగు.

ఆ తరువాతి వాక్యమే ప్రసంగానికి వెన్నెముక. "ది క్వశ్చన్ ఐ వాంట్ టు ఆస్క్ ఈజ్ దిస్" అని ఆగి, ఒక ఊపిరి తీసుకొని, ప్రశ్నను వినిపించవలెను. "నేను అడగదలచిన ప్రశ్న ఇది" అని అర్థం. విషయం చెప్పుట వేరు, ప్రశ్న చెప్పుట వేరు. కామాఠీపుర చరిత్ర అన్నది విషయం. నగరాన్ని కట్టిన కూలీల పేరు మీద వెలసిన పేట వారి పేరుతో గాక మరొక పేరుతో ఎందుకు ప్రసిద్ధమయింది అన్నది ప్రశ్న. ప్రశ్న విన్న శ్రోత జవాబు కోసం కూర్చుంటాడు. విషయం మాత్రమే విన్న శ్రోత టీ విరామం కోసం కూర్చుంటాడు.

ఉదాహరణగా ఆ పేటనే తీసుకోవడానికి కారణం ఉంది. ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలావాటికి అక్కడ అన్నో, బాబాయో, వదినో ఉన్నారు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాదు, బాసర, ధర్మాబాదు, నాందేడ్‌ల మీదుగా బొంబాయికి మోసుకుపోయిన జనం ఎందరో. ఆ రైలు, అసలు ఏ రైలూ లేని కాలంలోనే తెలుగు కూలీలు కాలినడకన అక్కడకు చేరారు. 18వ శతాబ్దం చివరలో గవర్నర్ హార్న్‌బీ కట్టించిన అడ్డుకట్ట సముద్రపు పోటును ఆపింది. పల్లపు ఉప్పునేలలు మెల్లగా ఆరి ఇళ్ళకు పనికివచ్చాయి. నైజాం రాజ్యం నుండి వచ్చిన తెలుగు కూలీలను, తాపీ పనివారిని అక్కడి జనం కామాఠీలు అన్నారు. తెలుగులో పలుగు పార పట్టి పనిచేసేవానిని కామాటి అనుట ఉన్నదే. వారు ఉన్న పేట కామాఠీపుర అయింది. కూలీలుగా వచ్చినవారిలో కొందరు గుత్తేదారులై ఎదిగారు. జోతిరావ్ ఫులే 1873లో పుణెలో సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు దానికి అండగా నిలిచినవారిలో బొంబాయిలోని ఈ తెలుగు గుత్తేదారులు కూడా ఉన్నారు.

ఫోరస్ రోడ్ పేరు ఇంకా చిత్రమైనది. అది పోర్చుగీసు మాట నుండి వచ్చింది. ఉప్పునేలలను సాగులోకి తెచ్చుకొమ్మని తక్కువ శిస్తుకు ఇచ్చిన భూములను ఫోరస్ భూములు అనేవారు. వాటి హక్కులను తేల్చడానికి 1851లో ఒక ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఆ భూముల మీదుగా వేసిన బాట ఫోరస్ రోడ్. నగరపాలక సంస్థ పటాలలో ఇప్పుడు అది ఆర్.ఎస్. నిమ్‌కర్ మార్గ్. జనం నోట మాత్రం పాత పేరే. అక్కడికి సమీపంలోనే పీలా హౌస్ అనే కూడలి ఉంది. పసుపుపచ్చ ఇల్లు ఏదీ అక్కడ లేదు. ఒకప్పుడు అక్కడి నాటకశాలలను ఆంగ్లేయులు ప్లేహౌస్ అన్నారు, పేటవాసులు దానిని పీలా హౌస్ చేసుకున్నారు. ఆంగ్లం చూచి భయపడే బిడ్డకు ఈ సంగతి చెప్పదగినది: ఆమె పెరిగిన వీధి పోర్చుగీసు మాటను, ఆంగ్ల మాటను నమిలి తనవిగా చేసుకున్న వీధి.

ఇక నాల్గవ వాక్యం. పరిశోధకులు అందరికన్నా ఎక్కువగా తప్పుచేసే చోటు ఇదే. ఎంతవరకు చెబుతారో, దేనిని వదలివేస్తారో ముందే తెలియజేయుట. "ఐ విల్ లిమిట్ మైసెల్ఫ్ టు" అని మొదలుపెట్టి హద్దు చెప్పవలెను. "ఐ విల్ లిమిట్ మైసెల్ఫ్ టు ది నైంటీంత్ సెంచరీ" అంటే 19వ శతాబ్దానికే పరిమితమవుతాను అని. దానికి జతగా "ఐ విల్ నాట్ బి టాకింగ్ అబౌట్" అని వదలివేసిన దానిని పేర్కొనవచ్చు. ఇది లోపాన్ని ఒప్పుకొనుట కాదు. పొలానికి గట్టు వేసుకొనుట వంటిది. గట్టు లేని పొలంలోకి ఎవరి పశువులైనా వస్తాయి. హద్దు చెప్పని ప్రసంగంలోకి ఎటువంటి ప్రశ్నయినా వస్తుంది.

ఈ పని ఎంత హుందాగా చేయవచ్చునో చూపడానికి బొంబాయి చాల్‌లోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది. ఫోరస్ రోడ్‌కు ఉత్తరంగా కొద్ది మైళ్ళ దూరంలో పరేల్ ఉంది. అక్కడి చాల్ గదులలో ఉండి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివిన యువకుడు 1913లో అమెరికా వెళ్ళాడు. 1916 మే 9న, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, డాక్టర్ గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర గోష్ఠిలో తన పత్రం చదివాడు. భారతదేశంలో కులాల పుట్టుక, పనితీరు, వ్యాప్తి దాని విషయం. ఆ యువకుడు భీమ్‌రావ్ అంబేడ్కర్. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు. పత్రం మరుసటి సంవత్సరం ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో అచ్చయింది.

ఆ పత్రం ప్రారంభాన్ని గమనిస్తే ఈ వ్యాసంలో చెప్పిన మెట్లు చాలావరకు అందులో కనబడతాయి. ఆయన కులంతో మొదలుపెట్టలేదు. వినేవారు అమెరికన్లు. కులమంటే వారికి దూరపు సంగతి. కాబట్టి వారికి తెలిసిన దానితో, వస్తు ప్రదర్శనశాలలతో మొదలుపెట్టాడు. వస్తువులను ప్రదర్శనకు పెట్టినట్టే మానవుల ఆచార వ్యవస్థలను కూడా ప్రదర్శనకు పెట్టవచ్చునన్న ఊహను వారి ముందుంచాడు. అక్కడి నుండి కులం వద్దకు వచ్చాడు. ఇది ఎందరో పండితులు తలపట్టుకున్న చిక్కు సమస్య అని గుర్తుచేసి, అంతటినీ ఆ సాయంత్రం విప్పజాలనని, దానిలో ఒక భాగానికే పరిమితమవుతానని స్పష్టంగా చెప్పాడు. అస్పృశ్యతను ఒంటిమీద అనుభవించిన మనిషి, తన కథతో గాక తన ప్రశ్నతో సభను పట్టుకున్నాడు. ఆనాటి ఆంగ్లం దీర్ఘవాక్యాల ఆంగ్లం. నేటి విద్యార్థి ఆ వాక్యాలను అనుకరించనక్కర లేదు. తెలిసిన దాని నుండి తెలియని దానికి నడిపించిన తీరు, గట్టు వేసుకున్న తీరు మాత్రం నూరేళ్ళు దాటినా పాతబడలేదు.

ఇక్కడికి వచ్చేసరికి ఫోరస్ రోడ్ బిడ్డకు ఒక చిక్కు ఎదురవుతుంది. వేరే వీధి పిల్లలకు ఇది ఉండదు. వరంగల్లు నుండి వచ్చిన విద్యార్థి తన ఊరు పేరు చెబితే సభలో ఎవరూ తల ఎత్తి చూడరు. కామాఠీపుర అనగానే చూస్తారు. 19వ శతాబ్దం నుండి ఆంగ్ల ప్రభుత్వ కాలంలో ఆ పేటలోని కొన్ని గల్లీలు వేశ్యావాటికగా మారుట, సినిమాలు ఆ ఒక్క సంగతినే పదేపదే చూపుట దీనికి కారణం. 2022లో వచ్చిన గంగూబాయి కాఠియావాడి చిత్రం తరువాత ఆ పేరు వినని ఊరు లేదు. అదే పేటలో మగ్గం నేసినవారు, తాపీ పట్టినవారు, బీడీలు చుట్టినవారు, పిల్లలను బడికి పంపినవారు ఉన్నారన్నది ఆ సినిమాలకు పట్టలేదు. అందుకే ఉద్యోగ దరఖాస్తులలో, పెండ్లి సంబంధాలలో, చాలా కుటుంబాలు "ముంబయి సెంట్రల్ దగ్గర" అని చెప్పి ఊరుకుంటాయి. అది అబద్ధం కాదు. దాచుకున్న నిజం.

సదస్సులో అలా దాచుకోవలెనా, చెప్పవలెనా? చెప్పి తీరవలెనని ఎవరూ శాసించలేరు. బీజగణితం మీద పత్రం చదివే బిడ్డ తన వీధి పేరు చెప్పవలసిన పని లేదు. అంబేడ్కర్ వలె ప్రశ్ననే ముందుంచుట పూర్తి గౌరవమైన మార్గం. అయితే పరిశోధన ఆ పేట గురించే అయినప్పుడు సంగతి వేరు. ఇంతకాలం ఆ గల్లీలకు పరిశోధకులు బయటి నుండి వచ్చారు, ప్రశ్నలు అడిగారు, వ్రాసుకొని వెళ్ళారు. పేటవాసులు జవాబు చెప్పేవారుగానే మిగిలారు. ఇప్పుడు అక్కడి బిడ్డ ప్రశ్న అడిగే చోట నిలబడుతున్నది. ఆ భేదం సభకు తెలియుట శాస్త్రానికి కూడా అవసరమే, ఎందుకంటే చూచేవారు ఎక్కడ నిలబడి చూస్తున్నారో తెలిస్తేనే చూచినదానిని తూచగలరు.

దానికి ఒక్క వాక్యం చాలు. "ఐ గ్రూ అప్ ఇన్ ది నైబర్‌హుడ్ ఐ యామ్ గోయింగ్ టు టాక్ అబౌట్." నేను చెప్పబోయే పేటలోనే నేను పెరిగాను అని దాని అర్థం. కావలెనంటే "మై ఫ్యామిలీ హాజ్ లివ్డ్ దేర్ ఫర్ ఫోర్ జెనరేషన్స్" అని, నాలుగు తరాలుగా మా కుటుంబం అక్కడే ఉన్నదని చేర్చవచ్చు. ఈ వాక్యానికి చోటు ప్రశ్న చెప్పిన తరువాతనే గాని దానికి ముందు కాదు. ముందే చెబితే సభ మనిషిని చూచి జాలిపడడం మొదలుపెడుతుంది, ప్రశ్న ఆ జాలిలో మునిగిపోతుంది. ప్రశ్న విన్న తరువాత చెబితే, ఈ ప్రశ్న ఈమెకే ఎందుకు తట్టిందో సభకు అర్థమవుతుంది. చెప్పిన పిదప అక్కడ ఆగకుండా ముందుకు సాగవలెను. "ఐ కమ్ ఫ్రమ్ ఎ వెరీ బ్యాక్‌వర్డ్ ఏరియా" వంటి వాక్యం, వెనుకబడిన ప్రాంతం నుండి వచ్చానని తలవంచుకొని చెప్పే మాట, పొరపాటున కూడా వద్దు. రెండు శతాబ్దాలకు పైగా ఒక మహానగరపు గోడలు లేపిన పేట వెనుకబడినదో కాదో తేల్చవలసింది ఆ పత్రమే.

పేటవారి మాటలు పత్రంలో వాడుకున్నప్పుడు ప్రారంభంలోనే మరొక వాక్యం ఉండుట ధర్మం. "ఐ హావ్ చేంజ్డ్ ది నేమ్స్ ఆఫ్ ది పీపుల్ ఐ స్పోక్ టు" అంటే, నాతో మాట్లాడినవారి పేర్లు మార్చాను అని. పొరుగింటి పెద్దమ్మ నమ్మి చెప్పిన కష్టం ఆమె పేరుతో సహా ఎక్కడో తెరమీద పడకూడదు. ఇతరులతో కలిసి చేసిన పని అయితే "దిస్ ఈజ్ జాయింట్ వర్క్ విత్" అని వారి పేర్లు చెప్పవలెను.

మిగిలినవి తేలిక. ప్రసంగం ఎన్ని భాగాలో చెప్పుటకు "మై టాక్ ఈజ్ ఇన్ త్రీ పార్ట్స్", ఆపైన "ఫస్ట్", "దెన్", "ఫైనల్లీ". ప్రశ్నలు చివర తీసుకుంటానని చెప్పుటకు "ఐ విల్ బి హ్యాపీ టు టేక్ క్వశ్చన్స్ ఎట్ ది ఎండ్". వెనుకవారికి వినబడుతున్నదా అని అడుగుటకు "కెన్ ఎవ్రీవన్ హియర్ మీ ఎట్ ది బ్యాక్?" 2020 తరువాత చాలా సదస్సులు కంప్యూటర్ తెరమీదనే జరుగుతున్నాయి. అక్కడ అడగవలసినది "కెన్ యు సీ మై స్క్రీన్?" అని.

చెప్పకూడని వాక్యం ఒకటి మిగిలింది. "ఐ యామ్ సారీ ఫర్ మై ఇంగ్లిష్." నా ఆంగ్లం బాగుండదు, మన్నించండి అని. వినయం మన సంప్రదాయమే, కాదనలేము. కాని ఈ మాట వినగానే శ్రోత విషయాన్ని వదలి తప్పుల కోసం వెదకడం మొదలుపెడతాడు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బస్సులో మరాఠీ మాట్లాడే బిడ్డకు ఆంగ్లం నాల్గవ భాష. నాల్గవ భాషలో పరిశోధన చదివే మనిషి ఎవరికి క్షమాపణ చెప్పుకోవలెను? సభలో ఉన్నవారిలో చాలామందికి అది రెండవదో మూడవదో తప్ప మొదటిది కాదు. సరిహద్దు పల్లెలవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. మద్నూరు సంతలో తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిపి బేరమాడేవారు ఏ భాషకూ మన్నింపు అడగరు.

ఉచ్చారణ విషయంలో తెలుగువారు గమనించవలసిన అంశం ముఖ్యంగా ఒకటే. మన నోరు ప్రతి మాట చివర అచ్చు కోరుతుంది. రోడ్ రోడ్డు అవుతుంది, బస్ బస్సు అవుతుంది, పేపర్ పేపరు అవుతుంది. ఆంగ్లంలో హల్లు దగ్గరే మాట ఆగిపోవలెను. "టాక్", "పార్ట్", "వర్క్" అనే మాటలను చివర ఉకారం లేకుండా పదిసార్లు పలికి చూచుకుంటే తేడా తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, వాక్యానికి వాక్యానికి నడుమ ఆగుట. భయం మనిషిని పరుగెత్తిస్తుంది.

ఇంట్లోవారికి ఆంగ్లం రాదు గనుక తాము చేయగలిగిందేమీ లేదని తలిదండ్రులు అనుకుంటారు. అది పొరపాటు. సాధన వినడానికి ఆంగ్లం తెలియని శ్రోతే నయం. బిడ్డను గది ఆ మూల నిలబెట్టి తొలి నిమిషం మాటలు చెప్పించవచ్చు. అమ్మ బీడీల చాట ముందు పెట్టుకొనే వినవచ్చు. పేరు స్పష్టంగా వినబడిందా, తల ఎత్తి చూచిందా కాగితంలోకి చూచిందా, ప్రశ్నకు ముందు ఆగిందా లేదా, ఇవన్నీ చెప్పడానికి భాష రానవసరం లేదు. నాన్న గడియారం పట్టుకొని నిమిషం కాగానే చెయ్యి ఎత్తవచ్చు. సదస్సులో అధ్యక్షుడు చేసే పని అదే. తరువాత బిడ్డను అడగవలెను: ఇంతకూ నువ్వు ఏమి అడిగావు, తెలుగులో చెప్పు. ఆమె రెండు వాక్యాలలో తెలుగులో చెప్పలేకపోతే లోపం ఆంగ్లంలో లేదు, ప్రశ్ననే మళ్ళీ సరిచూచుకోవలెను. చెప్పగలిగితే, అవే రెండు వాక్యాలను ఆంగ్లంలో పెట్టి, సదస్సుకు ముందురాత్రి మరి ఒక్కసారి మాత్రమే అనుకొని, కాగితం మడిచి సంచిలో పెట్టి పడుకోవచ్చు.